కట్టుడు ముక్కు

మా ఆయనది కట్టుడు పళ్ళు చేసే పని. పళ్ళాసుపత్రి వెనక గదిలో ముప్పయ్యెనిమిదేళ్ళుగా అదే స్టూలు, అదే దీపం. డాక్టరు తీసిన నోటి అచ్చు అట్టపెట్టెలో వస్తుంది, మూత మీద ఒక నంబరు. తయారైన పళ్ళు అదే పెట్టెలో వెళ్ళిపోతాయి. అవి ఏ నోటికి చేరాయో, వాటితో ఎవరేం తిన్నారో ఈయనకు తెలియదు. "ఒక్కరినైనా చూడాలనిపించదా?" అని అడిగితే, "బాగోకపోతే పెట్టె వెనక్కొస్తుందిగా" అనేవారు. ఏం మనిషో!

పోయిన నెల జూ డాక్టరమ్మ ఆ గది వెతుక్కుంటూ వచ్చింది. జూలో ఒక టూకాన్ పక్షికి పై ముక్కు సగం విరిగిందట. ఒళ్ళంతా నలుపు, ముక్కు మాత్రం ఒంటికి మించిన సైజు, నారింజ రంగు. అది పండును ముక్కు కొసతో పట్టి, తల వెనక్కి విసిరి మింగాలి. ఇప్పుడు పట్టడమే కుదరడం లేదు. గొట్టంతో పోస్తున్నా చిక్కి సగమైంది.

"దానికో కట్టుడు ముక్కు చేసిపెట్టండి. వారంలోగా తనంతట తాను తినకపోతే దక్కదండీ" అంది డాక్టరమ్మ.

ఇక ఈయనకు తిండీ నిద్రా లేవు. వంటింటి బల్ల నిండా నమూనా ముక్కులే, కూర గిన్నె పెట్టే చోటు లేదు. "పెళ్ళాం ముక్కునెప్పుడైనా ఇంత పరీక్షగా చూశారా?" అన్నాను. తలెత్తితేగా!

అయిదో రోజు జూకెళ్ళి ముక్కు అతికించారు, నేనూ వెంట వెళ్ళాను. రంగూ వంపూ అచ్చుగుద్దినట్టున్నాయి. పక్షి బొప్పాయి ముక్క పట్టింది, జారిపోయింది. మళ్ళీ పట్టింది, మళ్ళీ జారింది. మూడోసారి ప్రయత్నించనే లేదు, మూలకెళ్ళి ముడుచుకుంది. ఈయన ముఖం నేను చూడలేకపోయాను.

ఇంటికొచ్చాక బల్ల మీద మిగిలిన నమూనా ముక్కు తీసి అంచు నిమిరాను. అద్దంలా ఉంది. కట్టుడు పళ్ళు నాలుకకు గీరుకోకూడదని అలా నున్నగా సాన పట్టడం ఈయనకు అలవాటు.

"ఏమండీ, దాని అసలు ముక్కు కూడా ఇంత నున్నగా ఉందా?"

ఆయన నెత్తి కొట్టుకున్నారు. "లేదే! అంచంతా రంపంలా నొక్కులున్నాయి. విరిగినప్పుడు పడ్డాయనుకున్నాను!"

"బాగుంది సంబడం! జన్మంతా పళ్ళు చేసి, దానికి మాత్రం పళ్ళు పెట్టడం మరిచారా?"

మర్నాడు డాక్టరమ్మ పక్షిని తువాలులో చుట్టి పట్టుకుంటే, ఈయన ఆకురాయితో ఒక్కో నొక్కూ దిద్దారు. వదిలాక అది కొమ్మెక్కి చాలాసేపు కదల్లేదు. "తినవే తల్లీ" అని గొణిగాను. అప్పుడు దిగి బొప్పాయి ముక్క పట్టింది. ముక్క నిలిచింది. తల వెనక్కి విసిరి గుటుక్కున మింగింది.

ఈయన ఊచలు పట్టుకుని అందరి ముందూ భోరుమన్నారు.

"తిన్నదిగా! ఇంకా ఏడుపెందుకండీ?" అన్నాను, కొంగుతో నా కళ్ళూ తుడుచుకుంటూ.

"ఇన్నేళ్ళలో నేను చేసినదానితో ఎవరైనా తినగా చూడడం ఇదే మొదటిసారి" అన్నారు.

పళ్ళెం ఖాళీ అయ్యేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.