మర్యాదగా చెబితే దూకలేదు

“నేను నేర్పకపోతే ఎవరో ఒకరు చచ్చిపోతారు. నేర్పితే నా ఉద్యోగం పోతుంది. ఏం చెయ్యమంటావక్కా?”

హైదరాబాదు నుంచి పాలకొల్లుకి ఫోన్ చేసి అక్క సత్యకుమారిని అడిగింది లోవలక్ష్మి. అది 2003. గల్ఫ్ విమానాల్లో ఎయిర్‌హోస్టెస్ ఆమె. కంపెనీ ఆ ఉద్యోగాలన్నీ విదేశీ ఏజెన్సీకి కాంట్రాక్టు ఇచ్చేసింది. చవగ్గా దొరికిన కొత్తమ్మాయిలకి తెలుగు రాదు. ఇళ్లల్లో పనికని విమానం ఎక్కే కోనసీమ ఆడవాళ్లకి ఇంగ్లీషు రాదు. ప్రమాదంలో చెప్పాల్సిన మాటలు తెలుగులో నేర్పే పని లోవలక్ష్మికే అప్పజెప్పారు. ఆ అమ్మాయిలకి వచ్చేదాకానే ఆమె కొలువు.

“కాస్త నిదానంగా నేర్పవే,” అంది అక్క.

నిదానించడం ఆమె వల్ల కాలేదు. మన వైపు పెద్దవాళ్లతో ఎలా మాట్లాడతామో అలాగే నేర్పింది. నవ్వుతూ, మెత్తగా, “అమ్మా, సంచీ వదిలేసి దూకండి.”

ఓ మధ్యాహ్నం, ఇంకా నేలమీదున్న విమానంలో పొగ లేచింది. తలుపు తీశారు, జారుడుబల్ల విచ్చుకుంది. కొత్తమ్మాయి నేర్పినట్టే చెప్పింది. వరసలో ముందున్న పెద్దింట్లమ్మ అనే పెద్దావిడ అంతే మర్యాదగా, “పర్లేదమ్మా, బరువేం కాదు,” అని సంచీని గుండెకి హత్తుకుంది. పాస్‌పోర్టు అందులోనే ఉంది. ప్రాణం పోయినా వదలొద్దని ఏజెంటు చెప్పి పంపాడు. వెనక జనం ఊపిరాడక దగ్గుతున్నారు.

“వదిలెయ్ సంచీ! దూకవే!” ఎదుటి తలుపు దగ్గర్నుంచి వచ్చిపడింది లోవలక్ష్మి. సంచీ లాగి పారేసి, తల్లి వయసు మనిషిని వీపు మీద చెయ్యేసి తోసింది.

అందరూ బతికారు. కింద పెద్దింట్లమ్మ దోక్కుపోయిన తన మోచెయ్యి పట్టుకుని, “ఏ ఊరే నీది? ఏం నోరే!” అంది.

“పాలకొల్లండీ,” అని ఏడ్చేసింది లోవలక్ష్మి.

మర్నాటి నుంచి కొత్తమ్మాయిలకి అరవడం నేర్పింది. వాళ్లకి బాగా వచ్చేసింది. ఆమెని పంపించేశారు.

అక్క ఇంటికి చేరింది. వయసు దాటిందని ఇంకే కంపెనీ తీసుకోలేదు. టీవీలో విమానం కనబడితే లేచి వెళ్లిపోతుంది.

పక్కవాటాలో జువాలజీ లెక్చరర్ శ్రీదుర్గ ఉంటుంది. ఓ రోజు కొడుకు చింటూ గేటు దాటి పరుగెడుతుంటే, “చింటూగారూ, లారీ వస్తోందండీ, రండి నాన్నా,” అని బతిమాలుతోంది.

“ఆగు!”

లోవలక్ష్మి కేకకి పిల్లాడు రోడ్డు అంచున నిలబడిపోయాడు. శ్రీదుర్గ పరుగెత్తి వాణ్ణి ఎత్తుకుంది.

“అన్నిటికీ బతిమాలండి, ముద్దుచెయ్యండి,” అంది లోవలక్ష్మి. “ఈ కేక మాత్రం దాచుకోండి. అన్నానికీ అల్లరికీ వాడొద్దు. వినగానే ఆగడం ఆటలో అలవాటు చెయ్యండి, రోడ్డు మీద పనికొస్తుంది.”

చింటూకి అన్నం ఇప్పటికీ బతిమాలే పెడుతుంది శ్రీదుర్గ. సాయంత్రాలు మాత్రం పెరట్లో వాణ్ణి పరుగెత్తించి, ఉన్నట్టుండి కేకేస్తుంది, “ఆగు!”