గ్యారేజీలో దుప్పటి కప్పుకున్న కారు

మొన్న ఈమెయిల్ ఒకటి వచ్చింది. మీ కారుకి సర్వీస్ డ్యూ అయింది, మీ కోసం ఎదురుచూస్తున్నాం అని. ఆ కారు మా ఇంట్లోంచి వెళ్ళిపోయి రెండేళ్ళు దాటింది. ఎన్నిసార్లు చెప్పినా షోరూమ్ వాళ్ళు మా పేరు తీయరు. పాప పుట్టినరోజు మర్చిపోయే చుట్టాలున్నారు గానీ, ఆ కారు ఆయిల్ మార్చాల్సిన రోజు మర్చిపోయే మనిషి ఆ షోరూమ్‌లో ఒక్కడూ లేడు. డిలీట్ చేశాను. అయినా దాని తోలు సీట్ల వాసన ఎక్కడినుంచో ముక్కుకి తగిలింది.

మా ఆయన దాన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నప్పుడు నాకు ఐదో నెల. ముదురు ఎరుపు, నేలని రాసుకుంటూ వెళ్ళేంత పొట్టి, ఇంజిన్ సీట్ల వెనక. సీట్లు రెండే. అందులోంచి నేను లేవాలంటే ఒక చెయ్యి తలుపు మీద, ఒక చెయ్యి ఆయన భుజం మీద వేసి, బావిలోంచి బిందె పైకొచ్చినట్టు రావాల్సి వచ్చేది. మేముండే ఫ్రిస్కోలో మా ఎదురింట్లో కరీంనగర్ అక్క ఒకావిడ ఉంటుంది. కారు చూసిన రోజే అనేసింది, "ముగ్గురు కాబోతున్నరు, రెండు సీట్ల బండి తెచ్చిండు మీ ఆయన. ఇగ ఎవర్ని ఇంట్ల ఇడిచిపెడ్తడట?" నాకు కోపం వచ్చింది. అక్క మీద. ఎందుకంటే ఆ కారు పక్కన నిలబడి ఫోటోలు నేనూ దిగాను, కాలేజీ గ్రూపులో పెట్టింది కూడా నేనే.

మనవాళ్ళకి కొత్త వస్తువుని వాడకుండా దాచుకునే గుణం ఒకటుంది. రిమోట్‌కి ప్లాస్టిక్ కవరు, సోఫాకి దుప్పటి, మంచి కప్పులు ఎప్పుడో వచ్చే చుట్టాలకి. మా ఆయన అదే గుణం కారు మీద చూపించారు. తిప్పితేనే కదా మైళ్ళు, మైళ్ళయితేనే కదా సర్వీస్, కాబట్టి తిప్పకపోతే ఖర్చే లేదన్నది ఆయన నమ్మకం. శనివారం గుడికి వెళ్ళి రావడం, మిగిలిన రోజులు గ్యారేజీలో మెత్తటి దుప్పటి కింద పడుకోవడం, అదీ దాని బతుకు. ఆఫీసుకి, కిరాణాకి, నా డాక్టర్ అపాయింట్‌మెంట్లకి, అన్నిటికీ మా పాత తెల్ల కారే. రోజుకి డెబ్బై మైళ్ళు నోరెత్తకుండా తిరిగేది.

నా సీమంతం రోజు ఆయన ఫ్రెండ్ ఒకరు వచ్చి, "డ్యూ ఎప్పుడు బావా?" అనడిగారు.

"సెప్టెంబర్ ఫస్ట్ వీక్. వెయ్యి డాలర్ల పైనే అవుద్దంటున్నాడు బావా."

"డెలివరీకా?"

"కాదు, కారు సర్వీస్‌కి!"

హాలంతా నవ్వులు. మోచేతుల దాకా గాజులేసుకుని నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వు మీదే నాకు ఎక్కువ అసహ్యం.

అసలు కారు పుస్తకంలో రాసింది పదివేల మైళ్ళకి అని మాత్రమే కాదు. పదివేల మైళ్ళు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది. మా ఆయన మొదటి సగం చదివి పుస్తకం మూసేశారు. మా దగ్గరికొచ్చాక అది తొమ్మిది వందల మైళ్ళు కూడా తిరగలేదు, పాత ఓనరు చివరి సర్వీస్ చేయించి ఏడాది మాత్రం అయిపోయింది. ఆయిల్‌కే ఐదు వందలు. బ్రేకుల్లో పోసే ద్రవం రెండేళ్ళకోసారి మార్చాలట, బ్రేకు తొక్కినా తొక్కకపోయినా. మార్చిలో బ్యాటరీ చచ్చిపోయింది, వాడక. ఆ తర్వాత టైర్లు. గీతలు కొత్తవాటిలాగే ఉన్నాయి గానీ, ఒకేచోట నిలబడి నిలబడి రబ్బరు బిగిసి, అడుగున చదునైపోయిందట. వెనక జతకే పన్నెండు వందలు. ఇంతా కట్టేది దేనికంటే, కదలకుండా ఉన్నందుకు.

ఈ మధ్యలో ఫిబ్రవరిలో నేను తెల్లకారుకి ఆయిల్ మార్పించడానికి వెళ్ళాను. అక్కడివాడు టైర్లు అరిగిపోయాయి, మార్చమన్నాడు. నేను మా ఆయనకి ఫోన్ చేశాను. "ఈ మంత్ వద్దులే, నెక్స్ట్ మంత్ చూద్దాం," అన్నారు. అక్కడివాడు కాగితం ముందుకు జరిపాడు. మేం చెప్పాం, కస్టమర్ వద్దన్నారు అని ఉంది దాని మీద. కింద సంతకం పెట్టాను. వెనక సీట్లో నెలల పాప వేలు చీకుతోంది.

ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున వాన. మా ఆయన టైర్ల కోసం ఎర్రకారుని షోరూమ్‌కి తీసుకెళ్ళారు. నేను పాపని తెల్లకారులో టీకాకి తీసుకెళ్తున్నాను. ముందు సిగ్నల్ ఎర్రబడింది. బ్రేకు తొక్కాను. కారు ఆగలేదు. తొక్కిన కాలు తొక్కినట్టే ఉంది, కారు మాత్రం నీళ్ళ మీద తేలుతున్నట్టు సిగ్నల్ దాటి రోడ్డు మధ్యకి వెళ్ళిపోయింది. పక్కనుంచి ఒక పెద్ద ట్రక్కు హారన్ కొడుతూ, మమ్మల్ని తప్పించుకుని, నీళ్ళు చిమ్మి పోయింది. అవతలి అంచుకి కొట్టుకుని ఆగాం. వెనక్కి తిరిగి చూస్తే పాప నవ్వుతోంది. ఆటనుకుంది. ఇంకోసారి ఊపమన్నట్టు కాళ్ళు ఆడిస్తోంది.

దగ్గర్లోని టైర్ల షాపు దాకా అంగుళం అంగుళం నడుపుకుంటూ వెళ్ళాను. అక్కడి పెద్దాయన జేబులోంచి సెంటు నాణెం తీసి టైరు గీతలో తలకిందులుగా నిలబెట్టి చూపించాడు. నాణెం మీది తల పూర్తిగా బయటికి కనిపిస్తోంది. ఒక్క వెంట్రుక కూడా మునగలేదు. తల కాస్తయినా మునిగితేనే టైరుకి ఇంకా పట్టున్నట్టట. వెనక సీటు వైపు ఒకసారి చూశాడంతే.

మా ఆయనకి ఫోన్ చేశాను.

"ఒక్క నిమిషం, సర్వీస్ వాడితో మాట్లాడుతున్నా."

"ఆపండి. తెల్లకారుకి టైర్లు వేయిస్తున్నాను, నాలుగూ."

"ఇవాళేనా? నెక్స్ట్ మంత్ అనుకున్నాం కదా."

"సిగ్నల్ దాటి జారిపోయామండీ. పాప వెనకుంది."

ఆయన ఎర్రకారు అక్కడే వదిలేసి ట్యాక్సీ పిలిపించుకుని టైర్ల షాపుకి వచ్చారు. పాపని ఎత్తుకుని, ఒళ్ళంతా తడిమి, విప్పి పక్కన పడేసిన పాత టైరు మీద వేలు పెట్టి రాశారు. వేలు నున్నగా జారింది. "నాకు తెలీదే," అన్నారు. ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. "నాకు తెలుసు," అన్నాను. "ఫిబ్రవరిలో సంతకం పెట్టాను." పాప ఒక్కతే ఏదో చెబుతూ ఉంది.

జూన్‌లో ఎర్రకారుని బాగా నష్టానికి అమ్మేశారు. కొన్నవాడు దుప్పటి కూడా ఇస్తారా అని అడిగితే మడతపెట్టి నేనే ఇచ్చాను. ఆ రోజు ఏదో గెలిచినట్టు ఉంటుందనుకున్నాను. అలా ఏం లేదు. నిలబెట్టి దాచుకుంటే వస్తువు కొత్తగానే ఉండిపోతుందని ఆయన నమ్మారు, నేనూ కాదనలేదు. మేం దాని ముందు కాపలా ఉన్న ఏడాదిలోనే పాప బోర్లా పడింది, పాకింది, పన్ను మొలిపించుకుంది. అవన్నీ ఏ నెలలో అని ఎవరైనా అడిగితే ఫోన్‌లో ఫోటోల తేదీలు వెతుక్కోవాలి. ఆ కారుకి బ్యాటరీ మార్చింది మార్చి రెండో శుక్రవారం అని మాత్రం అడక్కముందే చెప్పగలను.