ఎనిమిది పాయింట్ల స్వాతంత్ర్య యుద్ధం

కెనడాలోని హాలిఫాక్స్‌లో చదువుకున్న ఆ రెండేళ్ళు తలుచుకుంటే నాకు ముందు ఫెర్రీ పడవ గుర్తొస్తుంది. మా అద్దె గది డార్ట్‌మౌత్ వైపు, కాలేజీ అవతలి ఒడ్డున. పొద్దున్నే పొగమంచులో నీళ్ళు దాటుతూ నలుగురైదుగురు తెలుగు పిల్లలం కిటికీ పక్కన చేరి టిఫిన్ డబ్బాలు విప్పేవాళ్ళం. సెమిస్టర్ మొదలైందంటే చాలు, మనవాళ్ళు గుంపులు గుంపులుగా దిగుతున్న రోజులవి. ఇప్పుడు కెనడాలోనే మార్కమ్‌లో ఉద్యోగం ఉంది, కారుంది, ఇల్లుంది. ఆ ఫెర్రీలో తిన్న చల్లారిపోయిన పులిహోర రుచి మాత్రం మళ్ళీ దొరకలేదు.

నా రూమ్మేట్‌ది కరీంనగర్, నాది కర్నూలు. నాకంటే మూడేళ్ళు చిన్నది, అక్కా అని పిలిచేది. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ పిల్ల నోట్లోంచి మాట ఊడిపడాలంటే పండగ రావాలి. ఇద్దరం వేర్వేరు సంవత్సరాల్లో హైదరాబాద్‌లో ఒకే కోచింగ్ సెంటర్‌లో గ్రూప్స్‌కి చదివి, తప్పి, ఆఖరికి ఇలా కెనడా వచ్చిపడ్డామని మొదటి వారంలోనే తెలిసింది. అక్కడ చరిత్ర చెప్పే సార్ నోట్సు కింద జిరాక్స్ షాపులో దొరికేది. దాన్ని తెల్లారుజామున లేచి బట్టీ పట్టి, పక్కవాళ్ళకి అప్పజెప్పడమే మా చదువు. అందుకని ఎలెక్టివ్ ఎంచుకోమన్నప్పుడు ఇద్దరం చరిత్రకే టిక్కు పెట్టాం. మనకు కొట్టిన పిండి కదా అనుకున్నాం.

పరీక్షలో ప్రశ్న చూసి నాకు నవ్వాగలేదు. అమెరికా వలసల అసంతృప్తి స్వాతంత్ర్య యుద్ధంగా ఎలా మారింది? సార్ నోట్సులో ఎనిమిది పాయింట్లు. ఫ్రెంచివాళ్ళతో యుద్ధం చేసి ఇంగ్లండు అప్పులపాలవడం, ఆ భారం వలసల మీద వేయడం, కాగితానికి పన్ను, టీకి పన్ను, పార్లమెంటులో మాకు మనిషి లేనప్పుడు పన్నెలా వేస్తారన్న ప్రశ్న, సైనికుల కాల్పులు, టీ పెట్టెలు నీళ్ళలో పారేశారని రేవు మూసేయడం, రాజు అర్జీని తోసిపుచ్చడం. ప్రతి పాయింటు కిందా స్కేలు పెట్టి గీత కొట్టి, గంట ముందే పేపరిచ్చి బయటపడ్డాను. ఆ పిల్ల అప్పటికే మెట్ల మీద కూర్చుని ఉంది.

వారం తర్వాత టీచరు ఇద్దరికీ కబురు పెట్టింది. అరవై దాటిన మనిషి. పేరు పెట్టి పిలవమని ఎన్నిసార్లు చెప్పినా మాకు మేడమ్ తప్ప మరో మాట వచ్చేది కాదు. రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టింది. కామాలతో సహా ఒకటే. "టీ పెట్టెలు పారేసింది బోస్టన్ రేవులో. మీరిద్దరూ న్యూయార్క్ అని రాశారు. తప్పు కూడా ఒకేలా ఎలా వచ్చింది?" అంది.

నా గుండెల్లో రాయి పడింది. నా గురించి కాదు. మొదటి సెమిస్టర్‌లో ఆ పిల్ల ఒక రిపోర్టులో ఇంటర్నెట్ నుంచి రెండు పేరాలు తీసి, ఎక్కడివో చెప్పకుండా పెట్టేసి ఒక వార్నింగు తెచ్చుకుంది. అలా చెప్పాలని మాకు ఎవరు నేర్పారు గనక? రెండోసారి దొరికితే కోర్సులోంచి తీసేస్తారు. కోర్సు పోతే స్టడీ పర్మిట్ పోతుంది, ఇంటికి వెళ్ళిపోవాలి. ఆ పిల్ల తలొంచుకుని కూర్చుంది.

నాకు ఒళ్ళు మండింది. "మేడమ్, మేం ఒకరిది ఒకరు చూడలేదు. ఇద్దరం ఒకే సార్ నోట్సు బట్టీ పట్టాం. ఆ తప్పు ఆయనది. కావాలంటే ఫ్రెంచి విప్లవం అడగండి, అదీ ఇలాగే రాస్తాం" అన్నాను. గొప్ప చెప్పుకోవడం ఏమిటని ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆమె నిజంగానే అడిగింది. నన్నొక గదిలో, ఆ పిల్లనొక గదిలో కూర్చోబెట్టి చెరో కాగితం ఇచ్చింది. అరగంట తర్వాత చూస్తే ఇద్దరివీ ఆ విప్లవానికి ఆరు కారణాలూ అవే, అదే వరస, తప్పులతో సహా. చదువుతూ చదువుతూ కళ్ళజోడు తీసి, పడీ పడీ నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది.

"మీరు కాపీ కొట్టలేదని నమ్ముతున్నాను. కానీ ఈ జవాబు మీ సార్‌ది. మార్కులు ఆయనకి వేయాలి" అంది. తన పూర్వీకులు ఆ అమెరికా యుద్ధంలో రాజు పక్షాన ఉండి ఓడిపోయి, ఉన్న ఊరు వదిలి ఓడెక్కి ఈ తీరానికి వచ్చారని చెప్పింది. వాళ్ళూ, తిరగబడ్డవాళ్ళూ ఒకే వీధివాళ్ళట. తర్వాత ఆ పిల్ల వైపు తిరిగింది. "మొదట్లో అందరూ రాజుగారి మనుషులమే అనుకున్నారు. ఏ రోజున కాదనుకున్నారు? మీ మాటల్లో చెప్పండి. చెప్పలేకపోతే ఈ ఫైలు నేను పైకి పంపక తప్పదు" అంది.

నేను నోరు తెరవబోతే టీచరు చెయ్యి అడ్డం పెట్టింది. ఇక అయిపోయిందనుకున్నాను. క్లాసులో ఒక్కనాడూ నోరు విప్పని మనిషి ఏం చెబుతుంది?

చెప్పింది. తడుముకుంటూ ఇంగ్లీషులోనే చెప్పింది గానీ నాకు మాత్రం మా గదిలో వినే ఆమె యాసలోనే వినబడింది.

"మొదలు అర్జీలే పెడ్తరు మేడమ్. పెద్దాయన మంచోడే, కింద ఆఫీసర్లే చెడ్డోళ్ళు అనుకుంటరు. మా నాయిన కాలువ నీళ్ళ కోసం ఏండ్లకేండ్లు అర్జీలు పెట్టిండు. జవాబు రాకుంటే మళ్ళొకటి రాసేటోడు. పన్ను ఎంతన్నది కాదు, నీళ్ళు ఎన్నన్నది గూడ కాదు. మమ్ముల ఒక్క మాట అడగరా అన్నదే బాధ. అర్జీ పెట్టుడే తప్పు అన్ననాడు, ఇగ వాళ్ళు మనోళ్ళు కాదని తెలుస్తది. మా రాష్ట్రం మాకు కావాలని మేం కాలేజీ ఇడిసి రోడ్డు మీదికొచ్చింది గట్లనే. టియర్ గ్యాస్‌కు కండ్లు మండి రెండు దినాలు తెరువలే నేను."

టీచరు ఫైలు మూసింది. "ఇదే రాసి తీసుకురండి. దీనికి మార్కులు వేస్తాను" అంది. బతికిపోయామనుకునేలోపు నాకేసి చూసింది. "మీరు విడిపోవద్దన్నవాళ్ళ పక్షం రాయండి."

ఆమెకు నా సంగతేమీ తెలియదు. తెలిసి అన్నది కాదు. కానీ నాకు చురుక్కుమంది. అవే నెలల్లో నేను కర్నూలులో రాష్ట్రం కలిసే ఉండాలని ర్యాలీల్లో తిరిగాను, ఊరు బందయిందని సంబరపడ్డాను. అవతలివాళ్ళకి ఏం తక్కువైందని ఇంట్లో అరిచాను కూడా. ఆ పిల్లతో కలిసి రెండేళ్ళుగా ఒకే కుక్కర్‌లో వండుకు తింటున్నాను. ఆమె జ్వరానికి కషాయం కాచాను, నా జడ ఆమె వేసింది. రాష్ట్రం ఊసు మాత్రం గొడవెందుకులే అని నేనే ఎప్పుడూ రానివ్వలేదు.

సాయంత్రం ఫెర్రీలో ఇద్దరమే ఉన్నాం. గండం గడిచిందన్న సంతోషంతో ఆ పిల్ల డబ్బాలో మిగిలిన పులిహోర నాకు సగం పెట్టింది. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"ఇన్ని రోజులూ నాకొక్క మాట చెప్పలేదేమే?" అన్నాను.

ఆ పిల్ల నొచ్చుకోలేదు, దెప్పనూ లేదు. మామూలుగా నా ముఖంలోకి చూసింది.

"నువ్వు ఎన్నడన్న అడిగినవా అక్కా?"

అడగలేదు.