అక్క ఎదురొస్తేనే ప్రయాణం

నేను విమానం ఎక్కను. అది భయమూ కాదు, వ్రతమూ కాదు. నేల మీద పోతేనే ఊరికీ ఊరికీ మధ్య ఏముందో తెలుస్తుందని నా మొండితనం. ఆ మొండితనాన్ని నమ్ముకునే ఇన్నేళ్లు బతికాను. బందరు స్టేషన్లో పొద్దున్నే బండెక్కి, గుడివాడలో టీ తాగి, అక్కణ్ణుంచి రైళ్లూ బస్సులూ లారీలూ మారుతూ ఒకసారి ఖాట్మండూ దాకా, ఒకసారి మణిపూర్ సరిహద్దు దాటి బర్మా మీదుగా థాయిలాండ్ దాకా, మరోసారి టిబెట్, చైనాలు చుట్టి సమర్కండ్ దాకా వెళ్లాను. వెళ్లొచ్చిన ప్రతిసారీ ఒక పుస్తకం రాశాను. సభల్లో శాలువా కప్పి, "ఇంత ధైర్యం మీకు ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?" అని అడుగుతారు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాను. అసలు జవాబేమిటంటే, అది మా వీధి చివర కుళాయి దగ్గర్నుంచి వచ్చేది.

మా ఇంట్లో ఎవరు ప్రయాణమైనా గుమ్మం దిగేసరికి ఎదురుగా ఒక మంచి మనిషి రావాలి. మంచి మనిషంటే మంచితనం ఉన్న మనిషి కాదు, మొగుడున్న మనిషి. నిండు బిందెతో వస్తే మరీ మంచిది. నాన్న పోయిన దగ్గర్నుంచీ అమ్మ తనంతట తానే తలుపు వెనక్కి వెళ్లిపోయింది. అక్క అంతకుముందే వెళ్లిపోయింది.

అక్కని దివిసీమలో ఇచ్చారు, పులిగడ్డ వంతెన దాటి బాగా లోపలికి వెళ్లాల్సిన ఊరు. పెళ్లయి రెండేళ్లు కాకుండానే బావ పొలానికి నీళ్లు పెట్టడానికి వెళ్లి పాము కరిచి పోయాడు. అక్క బందరు వచ్చేసింది. చిలకలపూడి నుంచి రోల్డ్‌గోల్డ్ పని ఇంటికి తెచ్చుకుని, వరండాలో కూర్చుని గొలుసులకి కొక్కేలు తగిలిస్తూ ఉండేది. మొదట్లో ఎదురింటావిడ, "అక్కయ్యగారూ, ఏమీ అనుకోకుండా కాస్త లోపలికి వెళ్తారా? మా అమ్మాయి పరీక్షకి బయల్దేరుతోందండీ" అనేది. మర్యాదకేం తక్కువ లేదు. కొన్నాళ్లకి ఆవిడకా శ్రమా తప్పింది. వీధిలో ఎవరి బండి స్టార్టయినా అక్క చేతిలో పట్టకారుతో సహా లేచి లోపలికి నడిచేది. పక్కింటి టైలరు గారు ముస్లిం. "మాకివన్నీ లేవమ్మా, కూర్చోమ్మా నువ్వు" అని ఆయన మొత్తుకునేవాడు. ఆయన స్కూటర్ చప్పుడుకీ అక్క లేచేది.

నేను మొట్టమొదటి పెద్ద ప్రయాణానికి బయల్దేరిన రోజున ఎదురింటావిడ ఊళ్లో లేదు. అమ్మ కంగారుగా వీధిలో ఇంకెవరున్నారా అని ఆరా తీస్తోంది. బండికి టైమైపోతోంది.

"అక్కా, నువ్వు రా" అన్నాను.

"నీకేమన్నా మతిపోయిందట్రా?" అంది అమ్మ.

"నా వల్ల కాదురా" అంది అక్క.

"అయితే నేను వెళ్లను" అని సంచి మీద చతికిలబడ్డాను, చిన్నప్పుడు అన్నం కంచం దగ్గర అలిగినట్టు. అక్క బిందె తీసుకుని పెరటి తలుపులోంచి సందులోకి వెళ్లింది. కుళాయి దగ్గర బిందె నింపి, చంకనెత్తుకుని, వీధి నడిమధ్యలోంచి నాకు ఎదురుగా నడిచి వచ్చింది. అటూ ఇటూ కిటికీలు తెరుచుకున్నాయి. తల వంచుకునే వచ్చింది గానీ, నా ముందుకొచ్చాక తలెత్తి, "క్షేమంగా రా" అంది. నాకు ఏడుపొచ్చింది. నేను తిరిగొచ్చేదాకా అమ్మ దేవుడికి దీపం పెడుతూనే ఉందట, నన్ను తిడుతూనే ఉందట.

క్షేమంగానే వచ్చాను. మళ్లీ వెళ్లాను, మళ్లీ వచ్చాను. ప్రతిసారీ ఎదురు అక్కే. శకునాలు నమ్మనని మైకు ముందు గట్టిగా చెప్పే మనిషిని నేను. అక్క ఎదురు రాకుండా మాత్రం ఒక్కసారి కూడా గడప దాటలేదు. మొదట అది అమ్మ మీద పంతం. అమ్మ పోయాక కూడా మానలేదు, పోనుపోను అదే నా నమ్మకమై కూర్చుంది.

మొదటి పుస్తకం రాసి అక్కకి చదవమని ఇచ్చాను. అంతా చదివి ఒక్కటే అడిగింది. "ఇన్ని ఊళ్లు తిరిగానంటున్నావు. ఆ ఊళ్లల్లోంచి బయల్దేరినప్పుడు నీకెవరు ఎదురొచ్చారో రాయలేదేంట్రా?" అక్కడ నాకు బిందె పట్టుకుని వచ్చేవాళ్లు ఎవరూ ఉండరని దాని బెంగ. అప్పట్నుంచి చూడ్డం మొదలుపెట్టాను. ఒక ఊళ్లో రొట్టెల గంపతో ముసలమ్మ ఎదురొచ్చింది. ఒక సరిహద్దులో కుంటి గుర్రం ఎదురొచ్చింది, దాని వెనక నిద్రమొహంతో పోలీసు. నా పుస్తకాల్లో ప్రతి అధ్యాయం ఎదురొచ్చిన వాళ్లతోనే మొదలవుతుంది. విమర్శకులు దాన్ని శిల్పం అన్నారు. ఒకాయన దాని మీద ఇంత పొడుగు వ్యాసం కూడా రాశాడు. అది మా అక్క బెంగ అని ఆయనకి తెలియదు.

పోయినేడాది అక్కకి కడుపులో పుండు అన్నారు. తర్వాత పుండు కాదన్నారు. డాక్టరు నన్ను బయటికి పిలిచి, మెల్లగా, ఇంక చేసేదేమీ లేదని చెప్పాడు. అప్పటికి టర్కీ దాకా వెళ్లడానికి అన్నీ సిద్ధం చేసుకుని ఉన్నాను. మానేశానని అక్కతో చెప్పాను.

"నేను పోతానని ఆగావా? నేనేం పోనుగానీ నువ్వు బయల్దేరు. నేనెదురొస్తా" అంది.

రోజూ ఇదే పోరు. మందులు మింగనని బెదిరించింది. సరేనన్నాను.

ఆ పొద్దున్న బిందె ఎత్తలేకపోయింది. చెంబుతో నీళ్లు పట్టుకుంది. కుళాయి దాకా నడవలేక, టైలరు గారి గుమ్మం దగ్గర్నుంచి గోడ పట్టుకుని మా గుమ్మం దాకా వచ్చింది. సగం నీళ్లు చీర మీదే ఒలికాయి. "క్షేమంగా రా" అంది. నేను సంచి తగిలించుకుని బస్టాండుకి వెళ్లి, బెంచీ మీద కూర్చుని, అవనిగడ్డ బస్సులూ గుడివాడ బస్సులూ వచ్చి పోతుంటే చూస్తూ ఉండిపోయాను. దాన్నొదిలి నేనెక్కడికి పోతాను? మధ్యాహ్నానికి ఇంటికొచ్చి, "సరిహద్దులో గొడవలంటక్కా, వీసా ఆపేశారు" అన్నాను.

సంతోషిస్తుందనుకున్నాను.

"చూశావా" అంది అక్క. "అమ్మ చెప్పిందే నిజంరా. ఇన్నాళ్లూ నీ అదృష్టం కొద్దీ గడిచింది. నా ఎదురు మంచిది కాదు."

వీసా ఎవరూ ఆపలేదక్కా, నేనే బస్టాండులో కూర్చుని వచ్చేశాను అన్నాను. ఒట్టేశాను. పాస్‌పోర్టు తెరిచి వీసా ముద్ర కళ్ల ముందు పెట్టాను. అక్క దాన్ని చూడనైనా చూడలేదు. "నన్ను ఊరుకోబెట్టడానికి చెప్తున్నావులే" అని నా తల నిమిరింది. ఎక్కడెక్కడి ఎడారులనో పాఠకుల చేత నమ్మించాను, మా అక్క చేత ఈ ఒక్క మాట నమ్మించలేకపోయాను. ఆ తర్వాత బతికిన కొద్దిరోజులూ, వీధిలో బండి స్టార్టయితే మంచం మీదే మొహం గోడ వైపు తిప్పుకునేది. అలా తిప్పుకునే పోయింది.

తలకొరివి నేనే. నిప్పుకుండ పట్టుకుని ముందు నడుస్తున్నాను. వెనక పాడె. టైలరు గారు కూడా ఒక కొమ్ము పట్టారు. మా వీధి దాటి పెద్ద రోడ్డు మీదికి తిరగ్గానే అటునుంచి వస్తున్న కారొకటి ఆగింది. లోపల పట్టుచీరలు, ఒళ్లో పళ్లేలు, పూలు, పసుపుకుంకాలు. శుభకార్యానికి పోతూ మమ్మల్ని చూశారు, ఇంక వెనక్కి తిప్పుకుంటారనుకున్నాను. ముందు సీట్లోంచి ఒక పెద్దాయన గబగబా దిగాడు. చెప్పులు విడిచి, పాడె వైపు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. వెనక్కి తిరిగి భార్యతో అన్నాడు, మొహం వెలిగిపోతోంది. "శవం ఎదురొచ్చిందే! పనైపోయినట్టే ఇంక. ఇంతకన్నా మంచి శకునం ఉంటదా?"

ఆవిడా కారులోంచే చేతులు జోడించింది.

ఈ నమ్మకం నాకు తెలియనిదేం కాదు, ఊరంతా చెప్పుకునేదే. అక్కకి వర్తిస్తుందని మాత్రం అప్పటిదాకా తట్టలేదు. ఆగిపోయాను. బండి చప్పుడైతే చాలు లేచి లోపలికి పోయిన మనిషి, ఎదురొచ్చినందుకు ఒక్క దణ్ణం పెట్టించుకోడానికి చచ్చిపోవాల్సి వచ్చింది. ఆయన చొక్కా పట్టుకుని కడిగేద్దామన్నంత కోపం వచ్చింది. కానీ ఆయన కళ్లల్లో అంత సంతోషం, మా అక్కని చూసి.

"ఎక్కడికండీ?" అని అడిగాను.

నిప్పుకుండ పట్టుకున్నవాడు పలకరిస్తాడని ఆయన అనుకోలేదు, తడబడ్డాడు. "గుడివాడండీ. మా వాడికి సంబంధం ఖాయం చేసుకుందామని."

"వెళ్లిరండి, పనవుద్ది" అన్నాను. "ఎదురొచ్చింది మా అక్క."