గులివిందల మీసాలు

అండమాన్ వెళ్ళాల్సింది నేనూ మా ఆయనా. పోర్టులో క్రేన్ నడిపే ఆయనకి సరిగ్గా ప్రయాణానికి ముందు సెలవు రద్దయింది. ఇద్దరం మొహాలు వేలాడేసుకుని కూర్చుని ఉంటే, మా అత్తయ్య చేపల తట్ట గుమ్మం పక్కన దించి సంగతంతా విని, "ఆడు రాకపోతే నానొత్తాను" అంది.

"మూడు రోజులు ఓడలో పోవాలి అత్తయ్యా" అన్నాను.

"అయితే ఏటి? సముద్రం నాకు కొత్తా?"

నిజానికి కొత్తే. ఆమె జాలరిపేటలో పుట్టింది, జాలరిపేటలోనే మెట్టింది. తండ్రీ, అన్నలూ, మా మామగారూ అందరూ వేటకి వెళ్ళినవాళ్ళే. కానీ ఆడవాళ్ళు పడవ ఎక్కరు. చేప ఒడ్డుకి చేరాకే వాళ్ళ పని మొదలవుతుంది. వయసొచ్చినప్పటినుంచీ చేపలు కోసి అమ్ముతున్న మనిషి ఒక్కసారి కూడా మోకాలి లోతు దాటి నీళ్ళలోకి దిగలేదు.

నాకు మాత్రం లోపల కొంచెం బెదురుగా ఉంది. మా నాన్న గోదావరి జిల్లా నుంచి ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చాడు. నేను క్వార్టర్స్‌లో, గొంతు పెంచకుండా మాట్లాడుకునే ఇంట్లో పెరిగాను. అత్తయ్య మాట్లాడితే పక్క వీధికి వినిపిస్తుంది. పెళ్ళయిన పదేళ్ళలో ఆమెతో నేను ఒంటరిగా మార్కెట్‌కి కూడా వెళ్ళలేదు.

ఓడ డాల్ఫిన్స్ నోస్ కొండ దాటేదాకా ఫొటోలు తీశాను. ఆ తర్వాత మూడు రోజులూ వాంతులతోనే సరిపోయింది. అత్తయ్యకి మాత్రం ఏమీ కాలేదు. నా తల నిమిరి, నిమ్మకాయ వాసన చూపించి, పక్క బెర్తులవాళ్ళతో కబుర్లు చెప్పొచ్చి, మళ్ళీ నా తల నిమిరేది. రెండో రోజుకి ఆ డెక్కు మీద ఆమెకి తెలియని మనిషి లేడు.

మేం చూడాలనుకున్న దీవి చాలా చిన్నది. అటవీశాఖ వాళ్ళు కాపాడుతున్న చోటు. మనుషులెవరూ అక్కడ ఉండరు. రోజుకి కొద్దిమందినే తీసుకెళ్ళి సాయంత్రంలోగా వెనక్కి తెచ్చేస్తారు. ప్లాస్టిక్ తీసుకెళ్ళనివ్వరు, గవ్వ కూడా తెచ్చుకోనివ్వరు. ఓడ దిగిన మర్నాడు, ఆ దీవికి పడవ ఎక్కే జెట్టీ దగ్గర సంచులు వెతికితే, అత్తయ్య సంచీలోంచి ఎండు నెత్తళ్ళ వేపుడున్న పాలిథిన్ కవరు బయటపడింది. అక్కడి ఉద్యోగిని వద్దని తల ఊపింది. అత్తయ్య వాదించలేదు. గబగబా వేపుడంతా స్టీలు డబ్బాలో అన్నం మీద ఒంపేసి, ఖాళీ కవరు ఆమె చేతిలో పెట్టి, "నీకేదో ఇలువైనది ఇచ్చాననుకో" అంది. ఆమెకి తెలుగు రాకపోయినా నవ్వింది.

దీవి దగ్గర మమ్మల్ని అడుగున అద్దం బిగించిన పడవలోకి మార్చారు. అద్దం చుట్టూ బల్లలు. పది మందిమి వంగి చూస్తున్నాం. గైడు హిందీలో ఏదో చెబుతున్నాడు. పగడపు దిబ్బలు కాలీఫ్లవర్లలా, జింక కొమ్ముల్లా కనిపిస్తున్నాయి. వాటి మధ్యలోంచి పసుపు గీతల చేపల గుంపు ఒకటి ఇసుకలోకి దిగింది. ఒక్కోదాని గడ్డం కింద రెండేసి మీసాలు. వాటితో ఇసుకని తవ్వుతూ, తడుముతూ, దొరికిన పురుగునల్లా టక్కున మింగుతున్నాయి.

అత్తయ్య నా భుజం పట్టుకుని ఊపేసింది. "ఒలమ్మో! గులివిందలే! ఇయి గులివిందలే!"

పడవలో అందరూ తలెత్తి చూశారు. ఆమెకి పట్టలేదు.

"ఇన్నాళ్ళూ ఈటి మీసాలు ఎందుకున్నాయో నాకు తెల్దే! కత్తితో గోకి అవతల పారేత్తన్నాను. సూడు, సూడు, సేత్తో ఏరుకున్నట్టు ఏరుకుంటన్నాయి!"

వెనక ఇంజను దగ్గర కూర్చున్న నెరిసిన జుట్టు పడవాయన ఒక్కసారిగా తెలుగులో అడిగాడు. "ఏ ఊరమ్మా మీది?"

"వైజాగు, జాలరిపేట. నువ్వు?"

"ఇక్కడే పుట్టాను. మా తాత సిక్కోలు నుంచొచ్చీసినాడు."

అంతే, ఆ తర్వాత గైడుని ఎవరూ పట్టించుకోలేదు. పడవాయన ఇంజను ఆపి, చిన్నగా తెడ్డు వేస్తూ ఒక్కో దిబ్బ మీదికీ తీసుకెళ్ళాడు. అత్తయ్య పేర్లు చెబుతోంది. ఇసుకలోంచి దుప్పటి లేచినట్టు లేచింది టేకు చేప. వెండి బిళ్ళల్లా దూసుకెళ్ళాయి పార చేపలు. కొన్నింటికి ఆమె దగ్గర పేరు లేదు. వాటిని చూసినప్పుడు, "నువ్వెవరివే?" అని చేపనే అడిగింది. పూణే నుంచి వచ్చిన ఒక కుటుంబం ఆమె చెప్పిన పేర్లన్నీ తిరిగి పలకడానికి ప్రయత్నించింది. 'గులివింద' అన్న మాట వాళ్ళ నోళ్ళలో పడి నలిగిపోయింది.

కాసేపటికి అత్తయ్య పడవాయన్ని అడిగింది. "ఇక్కడ వలెయ్యరా?"

"ఎయ్యరమ్మా. ఎయ్యకూడదు."

"ఎవులూనా?"

"ఎవులూ."

ఆమె మళ్ళీ అద్దంలోకి వంగి చూసింది. "అయితే ఇయన్నీ ముసిలయిపోయి సత్తాయా?"

పడవాయన పగలబడి నవ్వాడు. "పెద్దయి సిన్నయాటిని వదుల్తాయేటమ్మా? ఇక్కడ పుట్టిన పిల్లలు బయటికెళ్ళిపోతాయి. ఆ బయట మేం వలేసుకుంటాం."

"ఓహో. అయితే ఇది పురిటిల్లు" అంది అత్తయ్య. చేతులు ఒళ్ళో పెట్టుకుని, చుట్టాలింటికి వచ్చినట్టు పొందిగ్గా కూర్చుంది. ఆ తర్వాత కొంతసేపు ఆమె గొంతు తగ్గించి మాట్లాడింది. అలా మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను.

మధ్యాహ్నం ఒడ్డున నెత్తళ్ళన్నం తిన్నాం. అత్తయ్య తన వాటాలో పడవాయనకి సగం పెట్టింది. తర్వాత నీళ్ళలోకి తల పెట్టి చూసే, ఊపిరికి గొట్టం ఉన్న కళ్ళద్దాలు ఇస్తున్నారని తెలిసి వెళ్ళి ఒక జత తెచ్చుకుంది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, లైఫ్ జాకెట్ వేసుకుని, నా చెయ్యి పట్టుకుని నడుము లోతు దిగింది. అక్కడ ఆగి, రెండో చేత్తో కూడా నన్ను పట్టుకుంది.

"బయమేత్తందా అత్తయ్యా?" అన్నాను, ఆమె యాస నాకు తెలియకుండానే నోట్లోకి వచ్చేసింది.

"ఏత్తంది. వదలకు."

మొహం నీళ్ళలో పెట్టింది. తీసింది, దగ్గింది, మళ్ళీ పెట్టింది. ఈసారి తీయలేదు. నీళ్ళ కిందనుంచి గొట్టంలోంచి ఏవో కేకలు వినిపిస్తున్నాయి. అక్కడా ఆమె మాట్లాడుతూనే ఉంది! గైడు ఈల వేసి టైం అయిందన్నా రాలేదు. చివరికి నేనే నడుం పట్టుకుని లేపితే, కళ్ళద్దాలు నా మొహానికి తగిలించి, "నువ్వూ సూడు, బేగి" అని నా తల వంచింది.

ఈత రాని నేను కళ్ళు మూసుకునే వంగాను. తెరిచేసరికి నా కాళ్ళ దగ్గర నీలం చేపలు తిరుగుతున్నాయి. ఒకటి నా మట్టెని పొడిచి చూసి వెళ్ళిపోయింది. భయం ఎప్పుడు పోయిందో తెలియదు. ఇంకోసారి ఈల వినిపించేదాకా ఇద్దరం వంతులేసుకుని చూశాం.

వైజాగ్ వచ్చాక అత్తయ్య మర్నాడే తట్ట ఎత్తింది. చేపలు కోయడం మానలేదు, తినడమూ మానలేదు. మా ఇంట్లో ఆదివారం పులుసు ఆగలేదు. కానీ కోస్తున్నప్పుడు ఎవరైనా నిలబడితే చాలు, ఆ చేప నీళ్ళలో ఎలా కదులుతుందో చేత్తో చేసి చూపిస్తోంది. ఆ కబుర్లు పక్క తట్టలవాళ్ళ చెవుల్లో బాగానే పడ్డాయి.

పోయిన వారం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆమె స్నేహితురాళ్ళు ముగ్గురు మా హాల్లో కూర్చుని ఉన్నారు. ముగ్గురి చేతుల్లో ఆధార్ కార్డుల జిరాక్సులు. తర్వాతి ఓడకి టికెట్లు నేనే తీయాలట. నేను ఫోన్ తెరిచి వివరాలు ఎక్కిస్తుంటే, అందరిలోకి పెద్దావిడ దగ్గరికి జరిగి అడిగింది. "అమ్మా, ఓడలో టీ ఎన్నిసార్లిత్తారు?"