కరుణమ్మ టీచర్ కలిపేసిన వరుసలు

మా వీధి చివరి చర్చిలో సాయంత్రాలు కుర్రకారు పాటలు నేర్చుకుంటారు. మొన్న కత్తిపీట ముందు కూర్చుని బీరకాయలు తరుగుతుంటే వాళ్ళ గొంతులు కలిసి వినిపించాయి. అందులో టెనర్, అంటే మగవాళ్ళు పాడే హెచ్చు స్వరం, సన్నగా తడబడుతోంది. నాకు తెలియకుండానే అందుకుని పాడేశాను. అరవై దాటిన ఆడదాన్ని, టెనర్ ఏమిటంటారా? అది నంద్యాల కరుణమ్మ టీచర్ చలవ.

డెబ్బైల చివర నేను నంద్యాలలో టీచర్ ట్రైనింగ్ చదువుతున్నాను. చిన్నప్పటి నుంచీ నాది బొంగురు గొంతు. ఆళ్ళగడ్డలో మా చర్చిలో పాట మొదలైతే చాలు, అమ్మ నన్ను మోచేత్తో పొడిచి మెల్లగా పాడమనేది. అందుకే నంద్యాల చర్చి క్వయర్‌లో, అంటే పాటల బృందంలో, చేరాక కూడా వెనక నిలబడి, గుంపులో గోవిందా అని పెదవులు కదిపేదాన్ని. టీచర్ హైస్కూల్లో లెక్కలు చెప్తూ ఆ క్వయర్ నడిపేవారు. ఆ ఏడు ఆవిడ పాతకాలపు జర్మన్ ఒరటోరియో ఒకటి తలకెత్తుకున్నారు. వేషాలూ నాటకమూ ఉండవు, క్రీస్తు శ్రమల కథంతా పాటల్లోనే చెప్పాలి. మాటలన్నీ తానే తెలుగు చేశారు. శుభ శుక్రవారం ఆళ్ళగడ్డలో పాడాలి. మాకు టెనర్లు ఇద్దరే. వాళ్ళలో ఒకాయన బదిలీ మీద వెళ్ళిపోయాడు.

ఓ శనివారం టీచర్ మా నోళ్ళ దగ్గర చెవి పెట్టుకుంటూ వచ్చి నా ముందు ఆగారు.

"పెదవులు ఆడిస్తాండావు. పాడు."

పాడాను. ఎవరో కిసుక్కున నవ్వారు. టీచర్ నవ్వలేదు.

"ఇన్నాళ్ళూ ఈ గొంతు యాడ దాచిపెట్టినావ్?" అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది. నా గొంతు గురించి ఒక మంచి మాట వినడం అదే మొదలు.

నన్ను టెనర్ వరుసలోకి వెళ్ళమన్నారు. అక్కడ మిగిలింది ప్రకాశన్న ఒక్కడే. బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టి, కనుబొమల మీద తెల్లటి దుమ్ముతోనే బస్సెక్కి వచ్చేవాడు. మంచివాడే గానీ మొండిఘటం. మా చర్చిల్లో మొగుడూ పెళ్ళామైనా చెరోవైపే కూర్చోవాలి. ఆడపిల్ల తన పక్కన నిలబడితే రేపట్నుంచి రానన్నాడు. అతను లేకపోతే ఒరటోరియో లేనట్టే. నేనే మానేస్తానన్నాను.

"నువ్వు మానుకుంటే ఆ గొంతు మళ్ళా లోపలికే పోతాది. కూచో" అన్నారు టీచర్.

మరుసటి శనివారం వరుసలే ఎత్తేశారు. ప్రతి ఆడమనిషి పక్కనా ఒక మగమనిషి. ప్రకాశన్నకు ఒక పక్క నన్ను, ఇంకో పక్క సోప్రానో, అంటే ఆడవాళ్ళ హెచ్చు స్వరం, పాడే వాళ్ళావిడను నిలబెట్టారు. పెళ్ళాం పక్కన ఉండగా పాపం ఏమని అలుగుతాడు? కానీ పాట మాత్రం సంతైపోయింది. ఎవరికి వాళ్ళు పక్కవాళ్ళ రాగంలోకి జారిపోయేవారు. రెండు వారాలు తలప్రాణం తోకకొచ్చింది.

శుభ శుక్రవారం మిట్టమధ్యాహ్నం చర్చి కిటకిటలాడింది. అమ్మ ముందు బెంచీలో ఉంది. ఒక గొంతు వెనక ఇంకో గొంతు అందుకోవలసిన చోట ప్రకాశన్నకు దగ్గు తెర వచ్చింది. ఆ రాళ్ళదుమ్ము దగ్గు పట్టిందంటే వదలదు. టీచర్ చెయ్యెత్తి నావైపే చూశారు. పాడాను, నేనొక్కదాన్నే, అమ్మ వింటుండగా. నాలుగు పంక్తుల తర్వాత ప్రకాశన్న నా గొంతు వెంటే వచ్చి కలిశాడు. అయిపోయాక టీచర్ ఒకటే మాటన్నారు, రెండో చోట ఊపిరి ముందే తీసుకున్నానని. అమ్మ మళ్ళీ ఎప్పుడూ మెల్లగా పాడమనలేదు.

ఎనభైల్లో టీచర్ పోయారు. శవపెట్టె ముందు పాడటానికి నిలబడితే చర్చి అలవాటు ప్రకారం మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు చేరారు. నేనూ ఎడమవైపే నడుస్తున్నాను. ప్రకాశన్న కాస్త జరిగి పక్కన చోటు చేశాడు.

"ఇట్ల రామ్మా. నీ చోటు ఈడ" అన్నాడు.

ఇప్పటికీ ఏ ఊరి క్వయర్‌కు వెళ్ళినా ఎటువైపు నిలబడాలని అడగను. ఏ గొంతు తక్కువైందని అడుగుతాను.