కాటా కూతురి ఫీజు కట్టిందెవరు?

"మీ అమ్మాయి ఫీజు కట్టింది మీరేనా, ఇంకెవరైనానా? సూటిగా చెప్పండి."

హైస్కూళ్ల మధ్య ఆటల పోటీలు నడిపే సంఘం నుంచి వచ్చిన పరిశీలకురాలు ప్రిన్సిపాల్ గదిలో కూర్చుని ఈ మాట అడిగింది. కాటా గొంతు సవరించుకున్నాడు. ఇలాంటి ప్రశ్నలు వేయడమే తప్ప వేయించుకోవడం అతనికి అలవాటు లేదు. పైగా ఈ ప్రశ్న ఇంతదాకా రావడానికి కారణం కూడా అతనే.

అతన్ని కాటా అనడానికి పెద్ద కథేమీ లేదు. బజారులో ఉన్న తూకం యంత్రాలన్నీ ఏదో ఒకనాడు అతని చేతి కింద పడ్డవే. బస్తాలు తూచేవి, కూరగాయలు తూచేవి, బంగారం కొట్లో గాజుపెట్టెలో కాపురం ఉండేవి, అన్నీను. అతను బాగుచేసి, బాగుందని చీటీ రాసి సంతకం పెడితేనే తనిఖీవాళ్లు ముద్ర వేస్తారు. మిగతా మెకానిక్కులు తూనికరాయిని పళ్లెం నడుమ పెట్టి, అంకె చూసి, సరే అనేస్తారు. కాటా ఆ రాయిని నాలుగు మూలలకీ జరిపి చూస్తాడు. "నడిమధ్యన ఎవడైనా నిజమే చెప్తాడు. మూలకి తోస్తే తెలుస్తుంది సంగతి," అంటాడు. మనుషులతోనూ అదే వరస. పాలవాడు ఏ పొద్దునైనా మామూలు కన్నా కాస్త ఎక్కువగా నవ్వితే ఆ పూట పాలు మరోసారి కొలుస్తాడు. పెళ్లికి ముందు మామగారు "మా అమ్మాయికి కోపమంటే ఏమిటో తెలీదండీ" అంటే, "తెలీదా, తెలీనట్టుంటుందా?" అని అడిగిన ఘనుడు.

కూతురు ఆ దుకాణంలోనే పెరిగింది. తూనికరాళ్లు అరలోంచి దించడం, తుడవడం, మళ్లీ ఎత్తిపెట్టడం దాని ఆటలు. ఒక మధ్యాహ్నం ఒక ప్రైవేటు హైస్కూలు కోచ్, తన వంటింటి కాటా తప్పు చూపిస్తోందని పట్టుకొచ్చాడు. ఆ పిల్ల పెద్ద రాయిని ఒంటిచేత్తో పైఅర మీదికి ఎత్తిపెట్టడం చూసి తన కాటా సంగతి మరిచిపోయాడు.

"అమ్మా, ఇనపగుండు ఎప్పుడైనా విసిరావా?"

"ఎవరి మీదికి సార్?"

కోచ్ నవ్వాడు. కాటా నవ్వలేదు. తమ స్కూల్లో చేర్పించమనీ, ఫీజు సాయం గురించి ఆఫీసులో కనుక్కోమనీ చెప్పి కోచ్ వెళ్లిపోయాక, కాటా ఆ మనిషి వదిలి వెళ్లిన కాటాని తిరగేసి చూశాడు. నిజంగానే తప్పు చూపిస్తోంది. అంటే వంక పెట్టుకుని రాలేదన్నమాట. అయినా అనుమానం తీరలేదు. పిల్ల భుజాలు చూసి ఫీజు తగ్గించే దానకర్ణులు ఈ లోకంలో ఉన్నారంటే అతను నమ్మడు.

స్కూలు ఆఫీసు గోడ మీద 'చదువుకు వెల కట్టలేం' అని బంగారు రంగు అక్షరాలు. సరిగ్గా వాటి కింద, ఏ తరగతికి ఎంత వెలో వివరంగా రాసిన బోర్డు. ఇలాంటి మాటలు గోడకెక్కించేవాళ్లకి సిగ్గెందుకు వేయదో తెలియదు. కాటా మాత్రం పై వాక్యం వదిలేసి కింది బోర్డు రెండుసార్లు చదువుకుని కౌంటర్ దగ్గరికి వెళ్లాడు.

"మీ ఆదాయం చూసి సగం ఫీజు తగ్గిస్తారండీ," అంది కౌంటర్ మేడమ్. "ఆట చూసి కాదు."

"గుండు విసరకపోయినా తగ్గిస్తారా?"

"విసరకపోయినా అంతే, పతకాలు కొట్టుకొచ్చినా అంతే. ఆట కోసమని పైసా ఇచ్చినా సంఘం ఊరుకోదు. పిల్లని ఆడనివ్వరు."

"మిగతా సగం?"

"అది మీరే కట్టాలి. తండ్రో, తల్లో. వాళ్లు లేకపోతే కోర్టు ఒప్పుకున్న సంరక్షకుడో. బయటివాళ్లు కట్టారంటే పిల్లని కొనుక్కున్నారంటారు."

ఈ నియమం ఉత్తి చాదస్తం కాదు. అది లేని రోజుల్లో, కప్పుల పిచ్చి పట్టిన డబ్బున్న పెద్దమనుషులు ఒక స్కూలు నుంచి ఇంకో స్కూలుకి పిల్లల్ని సంతలో పశువుల్లా తోలుకుపోయేవారు. ఫీజు వాళ్లే కట్టేవారు. పిల్ల మోకాలు దెబ్బతిన్న మర్నాడు మానేసేవారు. క్రీడలు వ్యక్తిత్వాన్ని తీర్చిదిద్దుతాయని వార్షికోత్సవాల్లో ఉపన్యాసాలిచ్చేవారూ వాళ్లే. కాటాకి ఈ చరిత్ర తెలియకపోయినా నియమం మాత్రం నచ్చింది. తనలాగే అనుమానం మనిషి ఎవరో కూర్చుని రాసినట్టనిపించింది.

పిల్లని చేర్పించాడు. సగం ఫీజు వాయిదాల మీద ఠంచనుగా కట్టాడు. ఆఖరి ఏడాదికి వచ్చేసరికి బజారు తీరు మారింది. చవక ఎలక్ట్రానిక్ కాటాలు గుట్టలుగా దిగాయి. చెడిపోతే బాగుచేయించడం మానేసి, పారేసి కొత్తది కొనడం మొదలుపెట్టారు. ఒక వాయిదా తప్పింది. ఆ వెనకే ఇంకొకటి.

"నేను వెళ్లి గడువు అడిగొస్తాలెండి," అంది భార్య.

ఆ తర్వాత ఆవిడ ఫీజు మాటెత్తలేదు. అక్కడే కాటాకి అనుమానం తగిలింది. వాయిదా దగ్గరపడితే అన్నం వడ్డిస్తూ, బట్టలు ఆరేస్తూ, ఆఖరికి నిద్రలో కూడా గుర్తుచేసే మనిషి ఒక్కసారిగా మౌనవ్రతం పట్టడమేమిటి? ఏదైతే అదైందని కౌంటర్ దగ్గరికి వెళ్లాడు.

"మీకు బాకీ ఏం లేదుగా," అంది మేడమ్. "కట్టేశారు."

"ఎవరు?"

"మీవాళ్లే ఎవరో. నగదు తెచ్చారు, రసీదు ఇచ్చాం."

"మీవాళ్లంటే? మనిషెలా ఉన్నాడు?"

"డబ్బు కట్టేవాళ్ల మొహాలు చూస్తూ కూర్చుంటే వెనకున్న లైను మీరొచ్చి చూసుకుంటారా?"

ఇంటికొచ్చి భార్యని అడిగాడు. "ఎవరో ఒకరు కట్టారు. ముందు తినండి, చల్లారిపోతోంది," అందావిడ, కంచం వైపు చూస్తూ. మొహంలో మొహం పెట్టి చూడలేదంటే మూల బరువు తేడా ఉన్నట్టే. కానీ ఆవిడ వెనక ఎవరున్నారు? కోచ్ ఈమధ్యనే, "ఇంట్లో ఏమైనా ఇబ్బందులున్నాయా సార్?" అని అడిగాడు. ఊరికే ఎవడడుగుతాడు? కాటా రెండు మూడు సాయంత్రాలు మైదానం కంచె పక్కన నిలబడి చూశాడు. కోచ్ తన కూతురికి మంచినీళ్ల సీసా అందించాడు. భుజం తిప్పే తీరు చూపించాడు. మిగతా పిల్లలకీ అవన్నీ చేశాడు గానీ అది కాటా కంటికి ఆనలేదు. తిన్నగా ప్రిన్సిపాల్ గదికి వెళ్లి, "మీ కోచ్ మా అమ్మాయి ఫీజు కడుతున్నాడు," అని చెప్పేశాడు.

ప్రిన్సిపాల్‌కి చెమటలు పట్టాయి. ఇలాంటిది చెవిన పడ్డాక సంఘానికి చెప్పకుండా దాస్తే మొత్తం స్కూలునే పోటీల నుంచి తప్పిస్తారు. చెప్పాడు. నిజం తేలేదాకా ఆ పిల్ల గుండు ముట్టుకోకూడదని సంఘం ఆపేసింది. హైస్కూలు పిల్లగా దానికి మిగిలింది ఒక్క పోటీ, ఏడాది చివర జరిగేది. ముంచుకొస్తోంది.

ఇదీ ఆ గదిలో ఆ ప్రశ్న పుట్టిన తీరు. ప్రిన్సిపాల్ బల్ల వెనక, కోచ్ కిటికీ దగ్గర, కాటా, భార్య, కూతురు వరసగా కుర్చీల్లో.

"నేను కట్టలేదు," అన్నాడు కాటా. వేలు కిటికీ వైపు తిప్పాడు. "ఆయన కట్టాడు."

"నేనా!" కోచ్ అదిరిపడ్డాడు. "నా స్కూటర్ వాయిదాకే దిక్కులేదు మహాప్రభో!"

"మా తమ్ముడు కట్టాడు," అంది భార్య.

కాటా మెల్లగా ఆవిడ వైపు తిరిగాడు. ఆ తమ్ముడికి పళ్ల దుకాణం ఉంది. అందులో ఉన్న తూకం యంత్రానికి ఎడమ మూల ఒక జబ్బు ఉంది. పళ్లు అటు పెడితే ఉన్నదాని కన్నా ఎక్కువ చూపిస్తుంది. ఆ సంగతి కనిపెట్టి, బాగుందని చీటీ రాయనన్నాడు కాటా. బావా బావమరుదుల మధ్య అప్పటి నుంచీ మాటల్లేవు.

"మేనమామ పరాయివాడా?" భార్య పరిశీలకురాలితో వాదనకి దిగింది. "ఇది పుట్టినప్పుడు నాకన్నా ముందు ఎత్తుకున్నది వాడు."

"మీ ఇంట్లో కాకపోవచ్చమ్మా. నియమం ప్రకారం పరాయివాడే."

"అది రాసినవాళ్లకి తమ్ముళ్లు లేరా ఏంటి?"

పరిశీలకురాలు నవ్వు ఆపుకుంది. కొనుగోలు వ్యవహారమేమీ కాదని ఆమెకి అర్థమైంది. అయినా నియమం నియమమే. స్కూలు ఆ డబ్బు మేనమామకి తిరిగివ్వాలి. తండ్రి తన చేత్తో కట్టాలి. అప్పు తెచ్చి కట్టినా అభ్యంతరం లేదు.

"కాకపోతే అప్పు అప్పులా ఉండాలి," అంది. "తీర్చాలి. ఇచ్చినాయన తర్వాత మాఫీ చేశాడని తెలిస్తే మళ్లీ ఇదే గదిలో కూర్చుంటాం. పోటీ లోపు కడితే అమ్మాయి ఆడొచ్చు."

ఇంటికి వెళ్తుంటే కూతురు నాలుగడుగులు ముందు నడిచింది. సందు మలుపులో ఆగింది.

"నన్నడిగితే చెప్పేదాన్ని కదా నాన్నా. మామయ్య పళ్ల సంచీతో ఆఫీసుకి రావడం నేను చూశాను."

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"నువ్వు నన్ను కూడా మూలకి తోసి చూస్తావని."

మర్నాడు కాటా బ్యాంకుకి వెళ్లాడు. తాకట్టుకి ఏముందని అడిగారు. తూనికరాళ్లున్నాయన్నాడు. ఇనుము ధర చెప్పారు. తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురు, అడగబోతుండగానే తమ కష్టాలు మొదలుపెట్టారు. చివరికి మిగిలింది పళ్ల దుకాణమే.

"రా బావా! దారి తప్పావా?" అన్నాడు బావమరిది, ఎప్పట్లానే వెలిగిపోతూ.

"అప్పు కావాలి."

"బాగుంది! ఊరికే ఇస్తే తిప్పి పంపారు. ఆ నోట్లే అప్పుగా ఇస్తే పుచ్చుకుంటారా? చదువుకున్నవాళ్ల తెలివి భలే ఉందిలే." గల్లాపెట్టె మీద చెయ్యి ఆనించి గొంతు తగ్గించాడు. "నాకు వడ్డీ వద్దు, అసలూ వద్దు. ఆ కాటాకో చీటీ రాసి పడెయ్. చెల్లుకి చెల్లు. ఆ పరిశీలకురాలికి ఎవడు చెప్తాడు?"

కాటా ఇంత దూరం వస్తూ ఎదురుచూసింది ఈ మాట కోసమే. చేతిసంచీలోంచి కిలో రాయి తీసి పళ్లెం ఎడమ మూల పెట్టాడు. అంకె కిలో దాటి పరుగెత్తింది.

"ఇంకా ఇలాగే ఉంచావా?"

"అది అలా ఉండబట్టే నీ కూతురి ఫీజు కట్టగలిగాను బావా."

కాటా రాయి వెనక్కి తీసుకున్నాడు. ద్రాక్షపళ్లు బేరమాడుతున్న ముసలావిడ వైపు చూశాడు. ఆవిడ సంచీలోంచి ఎన్ని పళ్లు తన పిల్ల చదువుకి పోయాయో లెక్క తేలేది కాదు. వెనక్కి తిరిగి వెళ్లిపోదామనిపించింది. వెళ్లిపోతే పోటీ నాటికి కూతురు ఇంట్లో కూర్చుంటుంది. తను వేలు చూపించిన పాపానికి.

"చీటీ ఊరికే రాయను. దీన్ని బాగుచేసి రాస్తాను," అన్నాడు చివరికి. "నా కూలి నాకివ్వాలి. అప్పు వేరే, అది వాయిదాల్లో తీరుస్తాను. రెండూ కలపొద్దు."

"బాగుచేస్తే నా రాబడి తగ్గుతుంది. తర్వాత నీ వాయిదా ఒక్కరోజు ఆలస్యమైనా ఊరుకోను మరి. బావవని చూడను."

"చూడకు."

"అక్కకి చెప్పుకుని ఏడవకూడదు."

"అక్కకి నువ్వు చెప్పుకుని ఏడవకుండా ఉంటే చాలు. స్క్రూడ్రైవర్ అందుకో."

కాటా అక్కడే, అరటి గెలల మధ్య నేల మీద కూర్చుని పళ్లెం విప్పాడు. ఎడమ మూల కింద ఇరికించిన చిన్న రేకుముక్క బయటపడింది. దాన్ని బావమరిది కళ్లముందు వంచి జేబులో వేసుకున్నాడు. నాలుగు మూలలా రాయి పెట్టి చూసి, చీటీ రాసి, కూలి తీసుకున్నాడు. ఆ తర్వాతే అప్పు పుచ్చుకున్నాడు. బావమరిది నోట్లు లెక్కపెట్టి ఇస్తే, తను మళ్లీ లెక్కపెట్టుకున్నాడు. ముసలావిడ ఇద్దర్నీ చూసి, తన ద్రాక్షపళ్లు ఇంకోసారి తూయించుకుంది.

ఆ డబ్బు కాటా తన చేత్తో కౌంటర్‌లో కట్టాడు. రసీదు మీద తన పేరు సరిగ్గా రాశారో లేదో అక్కడే నిలబడి చదువుకున్నాడు. పిల్లని ఆడనిచ్చారు. చివరి పోటీలో మూడో స్థానం వచ్చింది. ఇంకా బాగా విసిరేదేమో, ఆపేసిన రోజుల్లో సాధన పోయింది. ఆ మాట కూతురు అనలేదు. కాటా తనంతట తానే లెక్కగట్టుకున్నాడు.

కోచ్ వంటింటి కాటా మళ్లీ మొరాయించి దుకాణానికి వచ్చినప్పుడు, కాటా బాగుచేసి కూలి వద్దన్నాడు. అతనికి చేతనైన క్షమాపణ అది.

"వద్దండీ బాబూ, తీసుకోండి," అన్నాడు కోచ్, డబ్బు బల్ల మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేస్తూ. "మీ దగ్గర ఉచితంగా తీసుకున్నానంటే రేపు నన్నెక్కడ కూర్చోబెడతారో!"

కాటా ఆ డబ్బు తీసుకుని విడిగా పెట్టాడు, వాయిదాలో కలపడానికి. పళ్ల దుకాణానికి ఇప్పటికీ నెలకోసారి వెళ్తాడు. వాయిదా ఇచ్చే ముందు పళ్లెం ఎడమ మూల రాయి పెట్టి చూస్తాడు. బావమరిది నోట్లని వెలుతురుకి ఎత్తి చూసుకుంటాడు. కూతురు హైస్కూలు దాటిపోయింది. దాని ఆఖరి ఏడాది ఫీజు కోసం చేసిన అప్పులో ఇంకా నాలుగు వాయిదాలు బాకీ ఉన్నాయి.